సేరంపూరులో రెండు దినములు: తొందరలేని యాత్ర నేర్పఱచుకొనుట యెట్లు?

మన పాఠశాలలో విహారయాత్ర యనఁగానే ముందుగా ఒక చీటీ తయారగును. ఉదయము 6 గంటలు మొదలు రాత్రి 10 గంటల వఱకు చూడవలసిన స్థలముల పేళ్లును, ఒక్కొక్క స్థలమునకుఁ గేటాయించిన నిమిషములును అందుండును. అట్టి చీటీలు నేనును చాల వ్రాసితిని. కొన్ని సంవత్సరముల క్రిందట పిల్లలను కలకత్తాకుఁ గొనిపోయినప్పుడు, తిరుగు బండికి ముందు మిగిలిన మూఁడు గంటలను సేరంపూరునకు వ్రాసితిని. మూఁడు గంటలలో రానుపోను దారి గూడఁ జేరియున్నది!

సేరంపూరు కళాశాల యెదుటి పెద్ద స్తంభముల క్రింద పిల్లలను వరుసగా నిలిపి ఛాయాపటము తీయించుచుండఁగా, తొమ్మిదవ తరగతి బాలుఁ డొకఁడు నాయొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, మన తెలుగు సువార్తలు అచ్చువేసినది ఈ యింటిలోనేనా? నిప్పంటుకొన్నదియు నిచ్చటనేనా?” అని యడిగెను. నేను గడియారము చూచుకొని, “ఆ, ఇచ్చటనే” అని చెప్పి, అందఱిని స్టేషను వైపునకుఁ దోలితిని. ఇంటికి వచ్చిన పిమ్మట పుస్తకములు తిరుగవేయఁగా, అచ్చుకూటము కాలినది 1812లోననియు, ఆ స్తంభముల భవనము 1822 నాఁటిదనియుఁ దెలిసినది. పదేండ్ల తరువాతఁ గట్టిన యింటిలో పదేండ్ల ముందు నిప్పెట్లు పడును? “నాకుఁ దెలియదు నాయనా” అని యున్న సరిపోయెడిది. తెలియదని చెప్పుటకును కొంత తీఱిక కావలెను. ఆ తీఱికను నా చీటీలో నేను వ్రాయలేదు.

పిమ్మట మఱియొకసారి, ఇంటివారితోఁ గూడ, ఆ యొక్క యూరికే రెండు దినములు పోయి వచ్చితిమి. అట్టి ప్రయాణమును మన విద్యార్థుల తలిదండ్రులు గూడ చేయవచ్చునని తలంచి, దాని నెట్లు సిద్ధపఱచుకొనవలెనో ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట ఆ యూరి సంగతి కొంత తెలిసికొనవలెను. లేనిచో అచ్చట చూచిన దేదియు మనకు మాటలాడదు. సేరంపూరు బంగాళ దేశమున హుగ్లీ నదికిఁ బడమటి గట్టున, హౌరాకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటరుల దూరమున నున్నది. అచ్చటివారు శ్రీరామ్‌పూర్ అందురు. 1755లో డెన్మార్కు దేశపు వర్తకులు నవాబు అలీవర్దీఖానుని యనుమతి పొంది యిచ్చట నొక వర్తకస్థానము నేర్పఱచుకొని, తమ రాజైన అయిదవ ఫ్రెడరిక్కు పేరు దానికిఁ బెట్టి, ఫ్రెడరిక్‌నగర మనిరి. బంగాళపు అరఁటితోఁటల నడుమ మంచుదేశపు రాజు పేరు! నడుమ రెండుసార్లు ఆంగ్లేయులు దాని నాక్రమించుకొన్నను, 1845 వఱకును అది డెన్మార్కువారి యూరే. ఆ యేఁట వారు దీనిని, మన దక్షిణ దేశమునందలి తరంగంబాడిని గలిపి, పండ్రెండున్నర లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీవారికి విక్రయించి వెడలిపోయిరి.

ఈ పరాయి జెండా వలన నొక వింత కలిగినది. కలకత్తాలో అప్పులుచేసి తీర్పలేనివారు నది దాఁటి ఈ యూరు చేరినచో, ఆంగ్లేయ న్యాయస్థానపు బంట్రోతులు వారిని పట్టుకొన వీలులేకుండెను. కావున ఋణగ్రస్తుల కిది శరణుపురమైనది. అదే జెండా క్రిందికి మఱియొక తెగవారును వచ్చిరి. కంపెనీవారు తమ సీమలో మిషనరీలను ఉండనిచ్చుటకు ఇష్టపడని కాలమది. 1799 అక్టోబరులో మార్ష్‌మన్, వార్డు మొదలగువారు అమెరికా యోడలో వచ్చి తిన్నగా సేరంపూరున దిగిరి. అచ్చటి డెన్మార్కు గవర్నరు ఓలె బీ వారిని కంపెనీవారి కప్పగింప నిరాకరించెను. 1800 జనవరి 10వ తేదీని కేరీ గూడ కుటుంబముతో వచ్చి వారిలోఁ గలిసెను. ఆ యేఁడే అచ్చుయంత్రము నిలువఁబెట్టఁబడెను. బైబిలునకును అప్పులవారికిని ఒకే గొడుగు నీడ నిచ్చిన యూరు ఇది యని పిల్లలకుఁ జెప్పినచో వారు నవ్వుదురు, కాని మఱచిపోరు.

ఇఁక ప్రయాణము. విశాఖపట్టణమునుండి హౌరాకు సుమారు 880 కిలోమీటరులు. శుక్రవారము సాయంకాలము బండి యెక్కినచో శనివారము ఉదయమునకు హౌరా చేరవచ్చును. ఆదివారము రాత్రి తిరిగి బండి యెక్కినచో సోమవారము ఉదయమునకు విశాఖ వత్తుము. అనఁగా ఒక్క సోమవారము సెలవు పెట్టిన చాలును. రాజమహేంద్రవరము, బెజవాడ వైపువారు మఱికొన్ని గంటలు కలుపుకొనవలెను. రెండు నెలలు ముందుగానే పరుండు స్థలములకు టిక్కెట్లు తీసికొనవలెను. ఆ దారి యెప్పుడును రద్దీ గలది. కార్తికము మొదలు మాఘము వఱకు తగిన కాలము. ఎండకాలమున అచ్చటి యుక్క మన కోనసీమవారికిఁ గూడ సహింపరానిది.

హౌరాలో దిగినవెంటనే కలకత్తాలోనికిఁ బోవలెనని మనసు పీఁకును. పోరాదు. అదే స్టేషనులో బర్ద్వాను వైపు పోవు లోకలుబండి యెక్కవలెను. అవి తఱచుగా నుండును. ముప్పావు గంటలోపలనే దింపును. ఉదయవేళ ఉద్యోగుల గుంపు హౌరా వైపునకు వచ్చును గాని అచ్చటినుండి పోదు గనుక, మనకుఁ గూర్చుండుటకు చోటు దొరకును. ఈ దారి యందే 1854 ఆగస్టు 15వ తేదీని తూర్పు భారతదేశపు మొదటి ప్రయాణికుల రైలు హౌరానుండి హుగ్లీకి నడచినది. నాఁడును సేరంపూరున ఆఁగినది.

ఆ లోకలుబండిలోఁ గూర్చున్నప్పుడు మఱియొక శోధన వచ్చును. అదే పట్టాల వెంబడి ఇంకను పైకిఁ బోయినచో ఫ్రెంచివారి చందర్‌నగరము, ఒలందావారి చించురా, పోర్చుగీసువారి బండేలు వరుసగా వచ్చును. నాలుగు దేశములవారి యూళ్లు ఒక్క నదిగట్టున పూసలవలె గ్రుచ్చఁబడియున్నవి. “ఇంత దూరము వచ్చి వానిని చూడక పోవుదుమా?” అని ఇంటిలో నెవరో యొకరు తప్పక యందురు, మా యింట నా భార్యయే యన్నది. చూడక పోవలెను. వానికి వేఱొక సంవత్సరము కలదు.

బసకుఁ గొన్ని మార్గములున్నవి. నదియొడ్డున 1786 నాఁటి డెన్మార్కు పూటకూటియిల్లొకటి కలదు. అది శిథిలమై కప్పు కూలియుండఁగా, డెన్మార్కు జాతీయ ప్రదర్శనశాలవారును పశ్చిమ బంగాళ ప్రభుత్వమువారును గలిసి బాగుచేయించి, 2018లో మరల భోజనవసతిగృహముగాఁ దెఱచిరి. గదులు కొలఁదిగానే యుండును గనుక ముందుగా వ్రాసి కనుఁగొనవలెను. అచ్చట దొరకకున్న నదికి ఆవలి గట్టున బారక్‌పూరు నందైనను వెదకవచ్చును, పడవదారి దగ్గఱయే. కళాశాలకును ముందుగానే యొక జాబు వ్రాసికొనవలెను. అచ్చటి కేరీ గ్రంథాలయమున పాత సేరంపూరు ముద్రణములు భద్రపఱుపఁబడియున్నవి. అనుమతి లేక పోయినవారికి గుమ్మము మాత్రమే కనఁబడును. ఆదివారము గ్రంథాలయము తెఱచియుండునని తలంపరాదు. కావున ఆ పని శనివారముననే చేసికొనవలెను.

శనివారము మొదటి పని యేమి? నా యభిప్రాయము చెప్పెదను: ఏమియుఁ జేయకుండుట. మూటలు దింపి, స్నానముచేసి, మట్టిముంతలో వేఁడి టీ పుచ్చుకొని, నది యెదుట ఒక గంట కూర్చుండవలెను. హుగ్లీ మన గోదావరివలె ఎప్పుడు నొకవైపునకే పాఱునది గాదు. సముద్రపు పోటు ఇంత దూరము వచ్చును. నీటిమీఁద తేలిపోవు గుఱ్ఱపుడెక్క పొదలను చూచుచుండవలెను. మొదట దక్షిణముగా సముద్రమువైపు పోవుచుండును, మెల్లఁగా నడక తగ్గును, కొంతసేపు నిలిచినట్లుండును, పిమ్మట వచ్చిన దారినే ఉత్తరముగా మరలును. దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. పైనుండి వచ్చు నదినీరు ఎదురువచ్చుటచేత పోటు త్వరగా ముగియును. పాటు ఎక్కువ సేపుండును. మూఁడు గంటలకు వచ్చినవారు నది మరలుటను చూడలేరు. ఆవిరియంత్రములు లేని కాలమున పడవలన్నియు నీ మరలుపాటును కనిపెట్టుకొనియే కలకత్తాకుఁ బోయివచ్చెడివి. కేరీ కలకత్తాలోని ఫోర్టువిలియం కళాశాలలో ఉపాధ్యాయుఁడై ప్రతివారమును ఈ నదిమీఁదనే పోయివచ్చుచుండెను.

పిమ్మట కళాశాల. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డుగార్లు దానిని స్థాపించిరి. 1827లో డెన్మార్కు రాజు ఆఱవ ఫ్రెడరిక్కు పట్టముల నొసఁగు నధికారమును శాసనమూలముగా దాని కిచ్చెను. ఊరు అమ్ముడుపోయినను ఆ యధికారము పోకుండునట్లు అమ్మకపు సంధిలో నేర్పాటు చేసిరి. మన తెలుగు సంఘముల బోధకులలో అనేకుల బి.డి. పట్టములమీఁద నేఁటికిని సేరంపూరు పేరుండుటకుఁ గారణ మిదియే. మన పాస్టరుగారి గోడమీఁది పటమును ఈసారి పిల్లలు దగ్గఱకుఁ బోయి చదువవలెను.

గ్రంథాలయమున నూఱు పుస్తకము లడుగక ఒక్కటి యడుగుఁడు. నే నడిగినది తెలుగు. ఎందుకనఁగా ఈ యూరికిని మన తీరమునకును గల సంబంధ మొక పుస్తకముమీఁద నాధారపడియున్నది. 1805లో లండను మిషనువారైన జార్జి క్రాన్, ఆగస్టసు డెస్‌గ్రాంజెస్ గార్లు విశాఖపట్టణమున దిగి తెలుగు నేర్చుకొనిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుఁడు వారికిఁ దోడై సువార్తలను తెనిఁగించుటలో ముఖ్యుఁడయ్యెను. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను గతించిరి. వారి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరున అచ్చుపడినవి. ఆ యచ్చుపుటను వా రిరువురును కన్నులఁ జూడలేదు. మనము రాత్రి రైలులో నిద్రించి గడచివచ్చు నీ దూరమునే ఆ వ్రాఁతప్రతి గడచివచ్చినదని తెలిసినప్పుడు, ఈ యూరు మనకుఁ బరాయిదిగాఁ దోఁచదు.

అదే 1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున అచ్చుకూటమున నిప్పు పుట్టినది. ఎట్లు పుట్టినదో నాఁడును తేలలేదు. వార్డు పొగ చూచి, లోనికి గాలి పోకుండ తలుపులు కిటికీలు మూయించి, కప్పుమీఁదినుండి నీళ్లు పోయించెను. కొంతసేపటికి నిప్పు అణఁగునట్లు కనఁబడెను. ఇంతలో నెవరో మంచి చేయుదమను తలంపుతోనే కిటికీ తెఱచిరి. గాలి చొరఁబడి, క్షణములో మంట లోపలి కాగితపు గుట్టల నంటుకొని, రాత్రికి కప్పు కూలిపోయినది. మన విజ్ఞానశాస్త్రపు తరగతిలో గాజుగ్లాసు క్రింద వెలుఁగు కొవ్వొత్తి ఆఱిపోవుటను చూచిన పిల్లలు వార్డు చేసినదేమో, కిటికీ చేసినదేమో తామే చెప్పఁగలరు.

కాలినవానిలో కేరీ వ్రాసికొన్న తెలుగు వ్యాకరణపు వ్రాఁతయు, పలు భాషల పదములను ఒక్కచోటఁ గూర్చిన పెద్ద నిఘంటువును, రామాయణపు ఆంగ్లానువాదపు భాగములును నున్నవి. కేరీ ఆ రాత్రి కలకత్తాలో నుండెను. మఱునాఁడు మార్ష్‌మన్ పోయి చెప్పెను. నష్టము ఏఁబది వేల రూపాయలకుఁ బైఁబడినది.

అయినను ఆ యేఁడే మరల అచ్చు సాఁగుట యెట్లు? ఇచ్చట అచ్చుపని కొంత వివరింపక తప్పదు. అక్షరములను పోఁతపోయుటకు మూఁడు మెట్లున్నవి. మొదట ఉక్కుకడ్డీ కొనమీఁద అక్షరమును ఉబ్బెత్తుగాను, కుడియెడమలు తాఱుమాఱుగాను చెక్కుదురు. దానిని సుత్తితో రాగిబిళ్లలో దిగఁగొట్టిన, రాగిలో అక్షరపు గుంట యేర్పడును. ఆ గుంటలో కరిగిన సీసము పోసిన, అచ్చుకు పనికివచ్చు అక్షరము వచ్చును. సీసపు అక్షరములు అఱిగిపోయినను, కరిగిపోయినను, రాగిబిళ్ల యున్నంతకాలము మరల పోసికొనవచ్చును. రాగిబిళ్ల పోయినను ఉక్కుకడ్డీ యున్న చాలును. ఇంగ్లీషునకు కొలఁది కడ్డీలు చాలును గాని, మన తెలుగునకు గుణింతములు, వత్తులు కలిసి వందలకొలఁది కావలెను. ఒక్కొక్కటి చెక్కుటకు పనివానికి దినములు పట్టును. బంగాళీ కమ్మరి పంచాననుఁడును అతని యల్లుఁడు మనోహరుఁడును ఆ విద్యలో నాఱితేఱిన పనివారు. సేరంపూరున పలు లిపులకు అక్షరములు చెక్కినది వారి కుటుంబమే. దొరల పేళ్లు మాత్రమే చెప్పి వీరి పేళ్లు విడుచుట న్యాయము గాదు.

మంటలో సీసమంతయు కరిగి పాఱినది. కాని బూడిద చల్లాఱిన పిమ్మట తవ్వి చూడఁగా వేలకొలఁది ఉక్కుకడ్డీలు చెడకుండ దొరకినవి. ప్రక్క గదిలోని అచ్చుయంత్రములును మిగిలినవి. గడ్డకట్టిన సీసమును ఏఱి, రాత్రింబగళ్లు మరల పోఁతపోసి, సమీపపు గిడ్డంగి యొకదానిలో పని సాఁగించిరి. కేరీ తెలుగు వ్యాకరణమును మరల మొదటినుండి వ్రాసెను. 1814లో అది అచ్చుపడెను. ఒక పుటనిండ లెక్కలుచేసిన పలక తుడిచిపోయినప్పుడు మరల చేయుటకు మన పిల్లలు ఎంత సణుగుదురో నే నెఱుఁగుదును; నేనును సణిగినవాఁడనే.

ఆ పాత యచ్చుకూటమున్న తావున నేఁడు చూచుటకు గోడ యేదియు లేదు. మిషనువారి తొలి యావరణములోఁ గొన్ని భాగములను పిమ్మట జనపనార మిల్లు ఆక్రమించినది. కేరీ పెంచిన అయిదెకరముల చెట్లతోఁటను 1823 నాఁటి వఱదయు, నదికోఁతయుఁ జాలవఱకు చెఱిచినవి. కనుక అచ్చట నిలిచి పిల్లలకు “ఇదిగో” అని వ్రేలు చూపుటకు లేదు. “ఇచ్చట నొకప్పు డుండెను” అని చెప్పుటకు మాత్రమే యున్నది.

జనపనార మాట వచ్చినది గనుక నొకటి చెప్పెదను. భారతదేశపు మొదటి జనపనార మిల్లు 1855లో ఈ యూరి ప్రక్కనున్న రిశ్రాలోనే పుట్టినది. పిమ్మట నదికి రెండు గట్టుల పొడవునను మిల్లులు లేచెను. వానిలోఁ బనికై గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి వేలమంది మనవారు వలసపోయిరి. ఎదుటిగట్టున టిట్టాగఢు మొదలగు తావుల నేఁడును తెలుగు కుటుంబములున్నవి. మేము పడవలో నుండఁగా ప్రక్కనున్న ముదుసలి యొకతె తన మనుమని తెలుఁగున గద్దించుట విని నా భార్య నిర్ఘాంతపోయి, “ఏ యూరమ్మా మీది?” అనెను. “మా తాతల దిచ్ఛాపురం వైపు తల్లీ, నే నెప్పుడూ చూళ్లే” దని యామె యనెను. దిగువఱకును వారిద్దఱును మాటలాడుచునే యుండిరి. నేను మాత్రము చేతిలోని పటము విప్పి గట్టున నున్న కట్టడముల పేళ్లు చూచుకొనుచుంటిని. ఎవరు మేలైన యాత్ర చేసిరో చదువరులే నిర్ణయింపవచ్చును.

ఆ పడవప్రయాణము శనివారము సాయంకాలమునకుఁ దగినది. సేరంపూరు రేవునుండి బారక్‌పూరు వైపునకుఁ బోవు పడవ యెక్కి, ఆవలిగట్టున దిగి, అటనుండి ఈ యూరిని ఒకసారి చూడవలెను. కొలఁది రూపాయల వ్యయము. నీటిమీఁదినుండి చూచినప్పుడే ఊరి ముఖము చక్కఁగాఁ గనఁబడును. నడుమ సంతు ఓలావు దేవాలయపు గోపురము నిలుచును. దానిని గవర్నరు ఓలె బీ ఆరంభించెను; 1805లో అతఁడు చనిపోయెను; 1806లో కట్టడము ముగిసెను. ఎదుటిగట్టున బారక్‌పూరు తోఁటలో వేసవిగడపు గవర్నరు జనరలు వెల్లెస్లీ, తన తోఁటనుండి చూచుటకొక గోపురము మాత్రమే కొఱఁతగా నున్నదని పలికి చందా యిచ్చెనని చెప్పుదురు. పొరుగువాని కిటికీకి అందము కావలెనని దేవాలయమునకుఁ జందా యిచ్చిన భక్తుఁ డితఁడే కాఁబోలు! గోడలు బీఁటలువాఱి చాలకాలము మూఁతపడియున్న ఈ దేవాలయమును డెన్మార్కువారి సహాయమున బాగుచేసి 2016లో మరల తెఱచిరి. ఆ యేఁడే యునెస్కోవారు ఆ పనికి బహుమాన మిచ్చిరి.

ఆదివారము ఉదయ మచ్చటనే ఆరాధనకుఁ బోవచ్చును. వేళను శనివారమే యడిగి తెలిసికొనవలెను. భాష తెలియకున్నను క్రమము తెలియును.

ఆరాధన పిమ్మట నది రేవునకు. 1800 డిసెంబరు 28వ తేదీని కృష్ణపాలుఁడను వడ్రంగి ఈ యూరి నదిలో బాప్తిస్మము పొందెను. జాఱిపడి కీలు తప్పిన అతని చేతిని వైద్యుఁడైన తామసు సరిచేయుటతో ఆ పరిచయము కలిగినది. బంగాళమున ఆ మిషనునకు మొదటి ఫల మతఁడు. గవర్నరు బీ గట్టున నిలిచి కన్నీరు విడిచెనందురు. ఈ కథను మన ఆదివారపు బడిలో నెల్లరు చెప్పుదురు. ఆ దినముననే జరిగిన మఱియొక సంగతిని చెప్పరు. ఏండ్లతరబడి కోరినది ఫలించిన సంతోషమున తామసునకు మతి చలించి, అతనిని ఒక గదిలో నుంపవలసివచ్చినది. కేరీ భార్య డోరతీ మొదటి బంగాళపు సంవత్సరములలో ఒక కొడుకును పోఁగొట్టుకొన్నప్పటినుండి చిత్తము చెడి, ఆమెయు నా దినమున వేఱొక గదిలో నుండెను. గట్టున పాటలు, ఇంటిలో ఆ కేకలు. 1807లో ఆమె ఈ యూరనే కన్నుమూసెను.

ఇది వ్రాయవచ్చునా యని కొంత యోచించితిని. పిల్లలకు మిషనరీల విజయములు మాత్రమే చెప్పినచో, తమ యింటి దుఃఖములతో వారు ఆ కథలకు వెలుపలనే నిలిచిపోవుదురని నాకుఁ దోఁచును. అందుచేత వ్రాసితిని.

మధ్యాహ్నము లూచీలు, బంగాళదుంపకూర, పిదప తీపిపెరుగు. చేఁపలన్నము తినువారికి అచ్చట లోటు లేదు. ఎండ తగ్గిన పిమ్మట మిషను శ్మశానవాటికకుఁ బోవలెను. దారి తెలియనిచో “దాదా” యని పిలిచి కేరీ సాహెబు సమాధి యనినచో ఎవరైనను చూపుదురు. 1834 జూన్ 9వ తేదీని మరణించిన కేరీ, తన పేరును తేదీలను దక్క, వాట్సు కీర్తనలోని రెండు చరణములే తన ఱాతిమీఁద చెక్కవలెనని, వేఱొక మాట చేర్పరాదని వీలునామాలో వ్రాసెను. మార్ష్‌మన్, వార్డు గార్ల సమాధులును అచ్చటనే యున్నవి. పిల్లలను అచ్చట పరుగెత్తనీయక, ఒక్కొక్కరు ఒక్కొక్క ఱాతి తేదీలను చదివి వయస్సు లెక్కించునట్లు చేసినచో మంచిది. చిన్నబిడ్డల ఱాళ్లు వారికే కనఁబడును.

మాహేశు జగన్నాథరథము మాటయు నడుగుదురు. ఊరికి దక్షిణముగా మాహేశున జరుగు రథయాత్ర 1396 మొదలుకొని జరుగుచున్నదని ప్రతీతి. నేఁటి రథము 1885లోఁ జేసినది; ఇనుపది; ఎత్తు 50 అడుగులు. ఆషాఢమున లక్షలజనము కూడుదురు గనుక తీఱికయాత్రకు ఆ వారము పనికిరాదు. మిగిలిన కాలమున దారిప్రక్కన నిలిచియున్న రథమును చూచి, అంత బరువును మనుష్యులు త్రాళ్లతో లాగుదురా యని యాశ్చర్యపడి రావచ్చును.

చేతిసంచిలో గొడుగు, నీళ్లసీసా, జ్వరపు మాత్రలు, తెల్లకాగితముల పుస్తకము చాలును. వృద్ధులు వచ్చినచో మూఁడు చక్రముల బండ్లు దొరకును; నడువఁగలవారు నడువవలెను, ఊరు చిన్నదే. ఆదివారము సాయంకాలము హౌరా బండికి రెండు గంటల ముందే సేరంపూరు విడువుఁడు.

నన్ను ప్రశ్న యడిగిన బాలుఁడు ఇప్పుడు చదువు ముగించి వేఱొక యూరున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్నాఁడు. “ఈ యింటిలో కాదు నాయనా, ఈ యిల్లు కట్టుటకు పదేండ్ల ముందు, నదివైపున, నేఁడు గోడ యేదియు మిగులని తావున” అని యతనికి ఉత్తరము వ్రాసియుంచితిని. ఈ సంచిక అచ్చుపడి రాఁగానే దానితోఁ గూడ పంపుదును.